వ్యాపారం – యంత్రం – పలకరింపు

వ్యాపారమనగానే లాభనష్టాల లెక్క స్ఫురించడం సహజం. కాని లెక్కల పుస్తకం తెరవడానికి ముందే జరిగే పని ఒకటి ఉన్నది. అది పలకరింపు. చార్మినారుకు పడమట లాడ్ బజారులో గాజుల దుకాణం మెట్టెక్కిన ఇల్లాలిని దుకాణదారు "ఏం కావాలి?" అని వెంటనే అడగడు. "రండమ్మా, ఇంట్లో అందరూ కులాసాయేనా?" అంటాడు. ఉర్దూ మాటలాడే ఇల్లాలైతే "ఆయియే ఆపా, సబ్ ఖైరియత్?" అంటాడు. గాజుల పెట్టె తెరుచుకొనేది ఆ తరువాతనే. ఆ ప్రశ్నకు ధర లేదు, బిల్లులో దానికి వరుస లేదు. అయినను మరుసటి పండుగకు ఆమె పక్క దుకాణాలను దాటి అదే మెట్టు ఎక్కడానికి ఆ ప్రశ్నయే కారణం. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. వస్తువుకు గుర్తింపు ప్రభుత్వం ఇవ్వగలదు. దుకాణదారుకు గుర్తింపు మాత్రం కొనేవారే ఇవ్వాలి.

ఆ మెట్టు ఇప్పుడు అరచేతిలోని ఫోనులోకి వచ్చింది. అక్కడ పలకరించేది ఎవరు అన్నదే ఈ వ్యాసంలో మేము విచారింపదలచిన విషయం. మేము వాణిజ్యశాస్త్ర విద్యార్థులము. మాలో పలువురి ఇళ్ళు చిన్న దుకాణం మీదనో, ఇంటిపట్టున సాగే కుట్టుపని మీదనో, వంటల మీదనో ఆధారపడినవి. సెలవు దినాలలో ఆ దుకాణాల ఫోనులు చూచే పని కూడ మాదే. కనుక ఇది మాకు పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు.

మొదట పరిస్థితిని చూతము. 2016 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ సంస్థ తన మెసెంజరు ద్వారా వ్యాపార సంస్థల యంత్రాలు ప్రజలతో సంభాషించే వీలు కల్పించింది. 2018 జనవరిలో చిన్న వ్యాపారుల కొరకు వాట్సాప్ బిజినెస్ వెలువడింది. అందులో మొదటిసారి పలకరించిన వారికి స్వాగత సందేశం, దుకాణం మూసిన వేళలో మరొక సందేశం, తరచుగా అడిగే ప్రశ్నలకు ముందే వ్రాసి పెట్టుకొనే జవాబులు ఉన్నవి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక చీర బొమ్మ క్రింద "ధర ఎంత" అని వ్రాసిన మరుక్షణమే వివరాలు తమంతట తామే వెళ్ళే ఏర్పాట్లు కూడ నేడు సామాన్యమైనవి. ఇటీవల కృత్రిమ మేధ వచ్చి, ముందే వ్రాసి పెట్టిన జవాబుతో పని లేకుండా అప్పటికప్పుడు వాక్యాలు అల్లి పంపుతున్నది. ఒకనాడు పెద్ద కంపెనీలకు మాత్రమే అందిన సౌకర్యం నేడు పాతబస్తీ గల్లీలోని అత్తరు దుకాణానికి కూడ అందినది. ఇది సంతోషింపదగిన విషయమే.

ఎందుకు సంతోషింపవలెనో ఒక ఉదాహరణ చెప్పెదము. మా ఎరుకలో ఒక సోదరి ఉన్నారు. డిగ్రీ పూర్తి అయిన పిదప ఇంట్లోనే ఇద్దరు పనివారితో మగ్గం పని ప్రారంభించారు. జాకెట్ల మీద, దుపట్టాల మీద పని చేసి, ఆ బొమ్మలను ఫోనులో పెట్టేవారు. పని బాగున్నందున పేరు వచ్చింది. పేరుతోపాటు ప్రశ్నలు వచ్చినవి. ధర ఎంత, ఎన్నాళ్ళు పడుతుంది, కొలతలు ఎట్లా పంపాలి, కొరియరులో వస్తుందా, ఇల్లు ఎక్కడ – ఈ అయిదు ప్రశ్నలే రోజంతా వచ్చేవి. పగలు సూది పట్టి, రాత్రి పిల్లలు నిద్రించిన పిదప ఆమె ఫోను పట్టేవారు. ఒక్కొక్క రాత్రి రెండు గంటల వరకు జవాబులు వ్రాసిన రోజులున్నవి. జవాబు ఆలస్యమైతే "మీకు పొగరెక్కింది" అన్నవారూ ఉన్నారు. ఆమె తమ్ముడు ఒకనాడు కూర్చుండి ఆ అయిదు ప్రశ్నలకు జవాబులు ఫోనులో అమర్చి ఇచ్చాడు. ఆ రాత్రి ఆమె పదిన్నరకు నిద్రించారు. ఈ నిద్రను తక్కువగా చూచే హక్కు ఎవరికీ లేదు. యంత్రం అనగానే మానవత నశించినదని శోకించే వ్యాసకర్తలకు మేము మొట్టమొదట ఈ నిద్రను చూపెదము.

అయితే కథ అక్కడ ఆగలేదు. పండుగ దినాలలో తగ్గింపు ప్రకటించి, ఆ మాటను కూడ యాంత్రిక జవాబులో చేర్చారు. ఒక రాత్రి పదకొండు గంటలకు ఒక ఇంటి నుండి సందేశం వచ్చింది. "నాన్నగారు పోయారు. పెళ్ళి ఆగింది. జాకెట్లు ఇప్పుడు వద్దు." ఆ క్షణమే ఫోను జవాబు పంపింది. "మీ సందేశానికి ధన్యవాదాలు! పండుగ సందర్భంగా ప్రతి ఆర్డరుపై తగ్గింపు!" ఉదయం దానిని చూచి ఆమె తల్లడిల్లిపోయారు. అత్తగారిని వెంటబెట్టుకొని, తీసుకున్న బయానా చేతపట్టుకొని ఆ ఇంటికి వెళ్ళారు. ఆ ఇంటి పెద్దావిడ ఒక్క మాటే అన్నారట. "నీవు చూడలేదనుకున్నాను తల్లీ. చూచి ఉంటే అట్లా వ్రాసేదానవు కావు."

ఈ మాటను మేము పలుమార్లు తలచుకున్నాము. ఆ పెద్దావిడ క్షమించినది యంత్రాన్ని కాదు, అంతకు ముందు తాను ఎరిగిన మనిషిని. ఆ ఎరుక లేని కొత్తవారై ఉంటే ఏమనుకొని ఉండేవారు? ఎన్నో పలకరింపులతో కూడబెట్టిన పరువు ఒక్క యాంత్రిక వాక్యానికి ఖర్చయి ఉండేది.

తప్పు ఎక్కడ జరిగినదో విడదీసి చూడవలెను. ధర, వేళలు, చిరునామా వంటి ప్రశ్నలు ఎవరు అడిగినా ఒకటే, ఎన్నిసార్లు అడిగినా జవాబు మారదు. ఇటువంటివి యంత్రానికి అప్పగించడంలో దోషం లేదు. దుకాణం బయట బోర్డు కట్టినట్లే అది. బోర్డును చూచి ఎవరూ నొచ్చుకోరు. కాని దుఃఖవార్త, ఫిర్యాదు, బాకీ గడువు కోరడం, మెప్పు, బేరం – ఇవి ప్రతిసారీ కొత్తవి. వీటి వెనుక ఒక ఇల్లు ఉంటుంది, ఒక పరిస్థితి ఉంటుంది. వీటికి బోర్డు జవాబు చెప్పలేదు. పలుకు యంత్రానిది కావచ్చును, పలకరింపు మాత్రం మనిషిదే కావలెను. ఇదే మా అభిప్రాయం.

యంత్రానికి జ్ఞాపకం ఉండదా అని కొందరు అడుగుతారు. ఉంటుంది. కాని అది ఎటువంటి జ్ఞాపకమో చూడండి. వాట్సాప్ బిజినెస్‌లోని స్వాగత సందేశం మొదటిసారి వ్రాసినవారికి వెళుతుంది. 14 దినాలు మాటలు లేక మరల వ్రాసినవారికి కూడ అదే స్వాగతం వెళుతుంది. అనగా యంత్రం లెక్కలో రెండు వారాలు కనబడనివాడు కొత్తవాడే. మన బజారులో రెండేళ్ళకు వచ్చినవాడిని కూడ "చాలా రోజులకు దర్శనమిచ్చారు జనాబ్, ఎక్కడికి పోయారు?" అంటారు. ఈ రెండు జ్ఞాపకాలకు గల దూరమే మా వాదానికి ఆధారం. సందేశం మొదట కొనేవారి పేరు చేర్చి "ప్రియమైన ఫలానా గారికి" అని పంపినంత మాత్రాన ఈ దూరం తగ్గదు. పేరు తెలియడం వేరు, మనిషి తెలియడం వేరు.

మనుషులు యంత్రపు మాటకు ఎంత సులభంగా లొంగిపోతారో చాలాకాలం క్రిందటనే తెలిసింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలైజా అనే కంప్యూటరు కార్యక్రమాన్ని తయారుచేసి 1966లో దానిని వివరిస్తూ వ్యాసం ప్రకటించాడు. అది మనం వ్రాసిన వాక్యాన్నే కొంచెం తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. అయినను ఆయన కార్యదర్శి దానితో సంభాషిస్తూ, కొద్దిసేపు గది విడిచి వెళ్ళవలసినదిగా ఆయననే కోరినదట. దానిని తయారుచేసిన మనిషే దానిని చూచి కలవరపడ్డాడు. కంప్యూటరు చేయగలిగిన పనులన్నీ కంప్యూటరుకు అప్పగించదగినవి కావు అని 1976లో ఒక గ్రంథమే వ్రాశాడు. నేటి యంత్రం ఎలైజా కంటె ఎన్నో రెట్లు చక్కగా మాటలాడుతుంది. కనుక ఆ హెచ్చరిక నేడు మరింత అవసరం.

యంత్రం మాట ఇస్తే ఆ మాట ఎవరిది? ఈ ప్రశ్న కెనడా దేశంలో తీర్పు వరకు వెళ్ళింది. ఒక ప్రయాణికుడు తన అవ్వ మరణించిన సందర్భంలో ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను రాయితీ గురించి అడిగాడు. ప్రయాణం తరువాత కూడ రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చునని అది చెప్పింది. సంస్థ నియమం అట్లా లేదు, డబ్బు ఇవ్వలేదు. చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యురాలన్నట్లు సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు న్యాయమండలి ఆ వాదాన్ని త్రోసిపుచ్చి, సుమారు 650 కెనడా డాలర్ల నష్టపరిహారం, దానిపై వడ్డీ, ఖర్చులు ఇప్పించింది. అక్కడ కూడ విషయం ఒక మరణమే కావడం గమనార్హం. గుమాస్తా ఇచ్చిన మాట యజమాని మాటయే అని మన పెద్దలు ఏనాడో ఎరుగుదురు. యంత్రం కూడ గుమాస్తాయే. దానిని కూర్చుండబెట్టి తాను లేచిపోయిన యజమాని, దాని మాటకు కట్టుబడవలసినదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "రోజుకు వందల సందేశాలు వచ్చే దుకాణంలో ప్రతివానికి స్వయంగా జవాబు వ్రాయమంటే జరిగే పనియేనా?" అని. ఈ ఆక్షేపణలో నిజం ఉన్నది. మేము ప్రతి జవాబూ చేతితో వ్రాయమనడం లేదు. మేము అడిగేది ఒక్కటే. యంత్రం మిగిల్చిన కాలం ఎక్కడికి పోయింది? ఆ కాలంతో ఫిర్యాదు చేసినవారికి ఫోను చేసి మాటలాడితే యంత్రం మేలు చేసినట్లు. ఆ కాలంతో మరి వెయ్యి మందికి అడగని సందేశాలు పంపితే యంత్రం మన చేత తప్పు చేయించినట్లు. లెక్కల పుస్తకంలో యంత్రం మిగిల్చిన గంటలను లాభం క్రింద వ్రాసుకుంటున్నాము. అందులో కొంత భాగం కొనేవారికి మనం పడిన బాకీ అని మా వాదం.

పెద్ద సంస్థలు కూడ ఈ పాఠం నేర్చుకొన్నవి. స్వీడన్ దేశానికి చెందిన క్లార్నా అనే చెల్లింపుల సంస్థ 2024 ఫిబ్రవరిలో తన యాంత్రిక సహాయకుడు 700 మంది ఉద్యోగులతో సమానమైన పని చేస్తున్నదని ప్రకటించింది. మరుసటి సంవత్సరం 2025లో ఆ సంస్థ అధిపతియే, ఖర్చు తగ్గింపునకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చినందున సేవ నాణ్యత తగ్గినదని అంగీకరించి, కోరినవారికి మనిషితో మాటలాడే అవకాశం ఎల్లప్పుడు ఉండాలని మరల మనుషులను నియమింపసాగాడు. అంత పెద్ద సంస్థకు తప్పు చేసి దిద్దుకొనే ధనబలం ఉన్నది. మన గల్లీ దుకాణానికి ఆ బలం లేదు. కనుక మనం ముందే జాగ్రత్తపడవలెను.

నిజాయితీని గురించి కూడ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. జవాబు చెప్పేది యంత్రమైతే యంత్రమని చెప్పడం మొదటి మర్యాద. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అమ్మకం కొరకు యంత్రాన్ని మనిషిగా నమ్మించి మోసగించడం 2019 జులై నుండి చట్టవిరుద్ధం. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టంలో కూడ, ప్రజలు యంత్రంతో మాటలాడుతున్న సంగతి వారికి తెలియజేయాలన్న నియమం ఉన్నది. ఇక మెప్పులను కొనడం మరొక జాడ్యం. తన చీరలను తానే వేరువేరు పేర్లతో పొగడుకోవడం, డబ్బు పెట్టి వేల కొలది అనుచరులను తెచ్చుకోవడం సంతలో సొంత మనుషులను నిలబెట్టి "ఆహా" అనిపించుకోవడం వంటిదే. ఆన్‌లైన్ సమీక్షలు నిజమైనవిగా ఉండుటకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఒక ప్రమాణాన్ని విడుదల చేసింది. మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. కొనడానికి వచ్చినవారు ఇచ్చిన ఫోను నంబరు మనకు అమానత్తు. ఆ నంబరును వారి అనుమతి లేకుండా పది జాబితాలలో చేర్చడం అమానత్తును తాకట్టు పెట్టడం వంటిది.

మా రెండు భాషల కళాశాల ప్రత్యేకించి ఆలోచింపవలసిన విషయం ఒకటి ఉన్నది. మన ఇళ్ళలో తల్లులు, నాయనమ్మలు ఫోనులో అక్షరాలు వ్రాయరు. మాట రికార్డు చేసి పంపుతారు. ఆ మాటలో సగం దక్కనీ, సగం తెలుగు ఉంటుంది. "ఇత్తా మహంగా నక్కో" అన్నా, "కొంచెం చూచి వేయండి బాబూ" అన్నా అది తిరస్కారం కాదు, బేరానికి ఆహ్వానం. చిన్న దుకాణాలలో ఉన్న సామాన్యపు ఏర్పాటు ఈ మాట వినకుండానే ఇంగ్లీషులో ధన్యవాదాలు చెప్పి ఊరుకుంటుంది. ఇంగ్లీషు రాని ఆ తల్లి దానిని ఎవరిచేతనో చదివించుకొని, చివరకు తన ప్రశ్నకు జవాబు రాలేదని తెలుసుకుంటుంది. జవాబు ఆమెకు తెలిసిన లిపిలో ఉండవలెను. మాటగా వచ్చినదానికి మాటగానే బదులు ఇవ్వవలెను. అర నిమిషం మాటలాడి పంపడానికి ఏ పెట్టుబడీ అవసరం లేదు.

విద్యార్థి మిత్రులారా, విమర్శించి ఊరుకోవడం మన పని కాదు. మన వాణిజ్య విభాగ విద్యార్థులు నలుగురు నలుగురుగా చేరి చుట్టుపక్కల చిన్న దుకాణాలకు, ఇంటి నుండి వ్యాపారం చేసే సోదరీమణులకు ఈ జవాబులను ఉర్దూలోను, తెలుగులోను చక్కగా వ్రాసి ఇవ్వవచ్చును. వ్రాసేటప్పుడు యంత్రం యంత్రమని చెప్పే వాక్యం, మనిషి చదివే వేళ, ఆ మనిషి పేరు – ఈ మూడూ తప్పక ఉండేటట్లు చూడవలెను. తగ్గింపు ప్రకటనను జవాబులో ఎన్నడూ చేర్చరాదు. అది అడిగినవారికే చెప్పవలెను. ఈ పని మనకు చదువూ అవుతుంది, సేవా అవుతుంది. రేపు ఉద్యోగం అడిగినప్పుడు చూపించుకొనే అనుభవమూ అవుతుంది.

కళాశాల పాలక సంఘం పెద్దలకు కూడ ఒక వినయపూర్వకమైన మనవి. ప్రవేశాల కాలంలో మన కార్యాలయానికి కూడ ఫోనులో ప్రశ్నలు వరదలా వస్తాయి. దరఖాస్తు గడువు, ఫీజు, కావలసిన సర్టిఫికెట్లు – వీటికి యంత్రం జవాబు చెప్పుట మంచిదే, ఆఫీసు గుమాస్తాలకు ఊరట. కాని "ఫీజు రెండు వాయిదాలలో కట్టవచ్చునా?" అని అడిగే తండ్రి ప్రశ్న, "మా అమ్మాయిని చదివించాలా, మాన్పించాలా?" అని అడిగే తల్లి ప్రశ్న యంత్రానికి పోరాదు. ఆ ప్రశ్నకు సకాలంలో మనిషి జవాబు చెప్పకపోతే మనం పోగొట్టుకొనేది ఒక విద్యార్థినిని. ప్రతి దినం ఒక గంట, ఒక అధ్యాపకుడో, అధ్యాపకురాలో పేరు చెప్పి ఆ సందేశాలకు స్వయంగా బదులిచ్చే ఏర్పాటు చేయవలసినదిగా కోరుచున్నాము. అవసరమైతే ఆ గంటలో సహాయంగా కూర్చుండుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

ఆ మగ్గం పని సోదరి ఇప్పుడు ఏమి చేస్తున్నారని పాఠకులు అడుగవచ్చును. ఆమె యంత్రాన్ని తీసివేయలేదు. జవాబును మాత్రం మార్చారు. "ఇది ఫోను తనంతట తాను పంపే జవాబు. ధరలు, కొలతల వివరాలు ఇందులో ఉన్నవి. మిగిలిన మాటలు ఉదయం పది గంటలకు నేనే చదివి బదులు వ్రాస్తాను." క్రింద ఆమె పేరు ఉంటుంది. ఉదయం పదికి సూది పట్టక ముందే ఆమె ఫోను పట్టి ఒక గంట కూర్చుంటారు. రాత్రి నిద్రా దక్కింది, పగటి పలకరింపూ దక్కింది. కొన్ని నెలలకు పెళ్ళి ఆగిన ఆ ఇంటి నుండి మరల సందేశం వచ్చింది. ఆర్డరు గురించి కాదు. ముహూర్తం కుదిరినదని, తప్పక రావలెనని.